మహారాజశ్రీ స్మార్ట్ బల్బు గారికి

సత్యనారాయణపురం,
విజయవాడ.

మహారాజశ్రీ స్మార్ట్ బల్బు గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. వైఫై మీద ఫోన్ మాట విని వెలిగి ఆరే తమరు క్షేమమో కాదో తెలుసుకుందామంటే యాప్‌లో ‘ఆఫ్‌లైన్’ అని వస్తోంది.

మే నెలలో రాత్రి రెండింటికి కరెంటు పోవడం బెజవాడకి కొత్త కాదు. తిరిగొచ్చినప్పుడు మామూలు ట్యూబ్‌లైటు ఊరుకుంటుంది, స్విచ్చి ఆపేసి ఉంది గనక. తమరు ఊరుకోరు. తమ స్విచ్చి రాత్రింబవళ్లు వేసే ఉంచాలి, లేకపోతే తమ తెలివి పనిచెయ్యదు. అందుకని కరెంటు రాగానే, పడుకునేముందు ఫోన్‌లో ఆర్పిన సంగతి గాలికొదిలేసి, 6500 కెల్విన్ల తెల్లటి వెలుగుతో నూటికి నూరు పాళ్లూ ప్రకాశిస్తారు. ఉక్కకి దొర్లి దొర్లి అప్పుడే కన్నంటుకున్న ఇంటిల్లిపాదీ తెల్లారిందనుకుని లేస్తారు.

ఇది జబ్బు కాదని తెలుసు. కరెంటు అందగానే వెలగడం తమకు ఫ్యాక్టరీలో నేర్పిన మర్యాద. గోడ స్విచ్చి వేసినవాడికి వెలుగు కావాలి కదా అని. మనిషి వేసిన స్విచ్చికీ సబ్‌స్టేషన్‌లో వేసిన స్విచ్చికీ తేడా తెలిసే దారి తమకు లేదు. రెండూ 230 వోల్టులే.

అసలు గొడవ కరెంటు ఒక్కసారిగా రాక, వచ్చి, పోయి, మళ్లీ వచ్చినప్పుడు మొదలవుతుంది. తమ ఒంటి మీద ఒక్క బటన్ కూడా లేదు. కాబట్టి ‘అన్నీ మర్చిపో’ అని చెప్పడానికి స్విచ్చిని టకటకా నాలుగైదుసార్లు వేసి తియ్యడమొక్కటే మార్గంగా పెట్టారు. వెలిగిన ప్రతిసారీ లోపల ఒక అంకె పెరుగుతుంది. కొన్ని సెకన్లు నిలకడగా వెలిగితే సున్నా అవుతుంది. ఈదురుగాలికి తీగలు తగులుకుని కరెంటు కన్నుకొడితే తమరు దాన్ని మా ఆజ్ఞ అనుకుని, వైఫై పేరూ పాస్‌వర్డూ తుడిచేసుకుని, మిణుకుమిణుకుమంటూ కొత్త యజమాని కోసం ఎదురుచూస్తారు. అత్తారింటి అడ్రసు మర్చిపోయిన కొత్తల్లుడు నయం.

ఇన్వర్టర్ ఉందిగా అంటారేమో. దాని వెనక ఉండే మీటని ‘యూపీఎస్’ వైపు పెడితే బ్యాటరీకి మారే వ్యవధి తగ్గుతుంది, తమరు చాలావరకు తెరిపిన పడతారు. కానీ ఆ మోడ్‌లో ఓల్టేజి సుమారు 180కి దిగితే చాలు, ఇన్వర్టర్ మెయిన్ లైన్‌ని వదిలి బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. ఏసీలన్నీ ఒక్కసారి మోగే వేసవి సాయంత్రాల్లో బల్బు కోసం బ్యాటరీని అరగదీసుకోవాలన్నమాట.

మిమ్మల్ని మళ్లీ వైఫైకి కలపడం ఇంకో వ్రతం. తమలో ఎక్కువమందికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తరంగం తప్ప వినపడదు. ఫోనేమో 5 గిగాహెర్ట్జ్ మీద కూర్చుంటుంది. జత కలిపేటప్పుడు ఫోను చేసేది నిజానికి మంచి గారడీ: తాళం వేసిన నెట్‌వర్క్‌లోని మాటలు తమకు అర్థం కావు గనక, పాస్‌వర్డ్‌ని ప్యాకెట్ల (వైఫైలో పంపే సమాచారపు మూటల) పొడవుల్లో దాచి గాల్లోకి వదులుతుంది. తమరు పొడవులు కొలుచుకుని అక్షరాలు కూడబలుక్కుంటారు. ఇది కనిపెట్టినవాళ్లకి దణ్ణం పెట్టాలి. అయితే ఫోను 5 మీద పంపే ప్యాకెట్లు తమ చెవిన పడవు. రౌటర్‌లో 2.4కి మాత్రమే వేరే పేరుతో గెస్ట్ నెట్‌వర్క్ పెట్టి, తాళం రకంలో డబ్ల్యూపీఏ3 కాకుండా డబ్ల్యూపీఏ2 ఎంచుకుని, ఫోన్ని కాసేపు అందులోకి దింపితే సగం తగాదాలు తీరతాయి. తీరకపోతే యాప్‌లో ‘ఏపీ మోడ్’ ఎంచుకోండి. అప్పుడు బల్బే ఒక చిన్న వైఫై అయి కూర్చుంటుంది, ఫోను వెళ్లి చెవిలో చెబుతుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. తమరు ముందు రచ్చకెళ్లి, అక్కణ్ణుంచి ఇంటికొస్తారు. మంచం మీంచి పది అడుగుల దూరంలో ఉన్న తమకు చెప్పే మాట ఊళ్లు దాటి ఎక్కడో సర్వర్ దాకా వెళ్లి రావాలి. ఆ సర్వర్ ఆగితే? 2016 మేలో ఇంట్లో దీపాలూ పరికరాలూ నడిపే రివోల్వ్ హబ్ అలాగే మూగబోయింది. 2022 ఏప్రిల్‌లో అలాంటి పరికరాలే అమ్మిన ఇన్‌స్టియాన్ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. దీపం పెట్టడానికి కంపెనీ బతికుండాలన్న షరతు మన పెద్దలెవరూ ఆముదం దీపానికి పెట్టలేదు.

దీనికి మందుంది. లోపల ఈఎస్పీ8266 చిప్ ఉన్న బల్బయితే కంపెనీ సర్వర్‌తో పనిలేకుండా బల్బుని నడిపే ఉచిత ప్రోగ్రాం టాస్మోటా ఎక్కించవచ్చు. కంప్యూటర్‌ని చిప్‌కి కలిపే 3.3 వోల్టుల సీరియల్ అడాప్టర్ తీసుకుని, టీఎక్స్‌ని (పంపే కాలిని) ఆరెక్స్‌కీ (వినే కాలికీ), ఆరెక్స్‌ని టీఎక్స్‌కీ, గ్రౌండ్‌ని గ్రౌండ్‌కీ కలిపి, జీపీఐఓ0 అనే చిప్ కాలిని గ్రౌండ్‌కి తాకించి పవర్ ఇస్తే చిప్ కొత్త ప్రోగ్రాం తీసుకోవడానికి సిద్ధమవుతుంది. అయిదు వోల్టులు తగిలిస్తే చిప్ పోవచ్చు. బల్బు హోల్డర్‌లో ఉండగా ఈ పని చేస్తే చిప్‌తోపాటు చేసినవాడూ పోవచ్చు, ఎందుకంటే లోపలి సర్క్యూట్‌కీ మెయిన్స్‌కీ మధ్య సాధారణంగా అడ్డుగోడ ఉండదు. కొత్తగా వచ్చేవాటిలో చాలావాటికి బీకే7231 చిప్ ఉంటుంది, వాటికి ఓపెన్‌బెకెన్ అనే అలాంటి ప్రోగ్రామే. మూత విప్పకుండా ఏ చిప్పో చాలావరకు తెలియదు, అతికించిన మూత విప్పితే మళ్లీ కుదరదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

టాస్మోటా ఎక్కాక దాని కన్సోల్‌లో (ఆజ్ఞలు టైపు చేసే చోట) ‘సెట్‌ఆప్షన్65 1’ కొడితే కరెంటు ఎన్నిసార్లు కన్నుకొట్టినా తమరు మతి పోగొట్టుకోరు. వైఫై పాస్‌వర్డ్ మార్చేముందు మాత్రం దాన్ని మళ్లీ 0 చెయ్యాలి. మర్చిపోతే, ఫోన్ హాట్‌స్పాట్‌కి పాత వైఫై పేరూ పాస్‌వర్డూ పెట్టండి, బల్బు అమాయకంగా వచ్చి కలుస్తుంది. ‘పవర్‌ఆన్‌స్టేట్ 3’ అంటే పోయినప్పుడు ఎలా ఉందో అలా రావడం; ‘0’ అంటే వెలగకుండా రావడం. పడగ్గదికి 0 బాగుంటుందనిపిస్తుంది. అప్పుడు మామ్మగారు గోడ స్విచ్చి వేస్తారు, వెలగదు. మళ్లీ వేస్తారు, వెలగదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. ఆవిడ చేతిలో ఫోన్ పెట్టి యాప్ తెరవమనే ధైర్యం ఎవరికీ లేదు.

కాబట్టి నిర్ణయం తమరికి తెలియజేస్తున్నాం. రంగులు మార్చే ముచ్చట కోసం తమరిని హాల్లో మూల దీపంగా ఉంచుకుంటాం. పడగ్గదిలో మామూలు 9 వాట్ల పిన్ బల్బు పెట్టి, తెలివిని స్విచ్చి వెనక రిలే మాడ్యూల్‌లో (వైఫై మాట విని కరెంటు కలిపి తీసే చిన్న పెట్టెలో) దాస్తాం. దానికి బోర్డులో న్యూట్రల్ తీగ కావాలి. మన ఇళ్లలో ఆ బోర్డులోనే ప్లగ్ పాయింట్ ఉంటుంది గనక చాలాచోట్ల దొరుకుతుంది. ఎంసీబీ దించి, టెస్టర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ‘డ్రై కాంటాక్ట్’ అని, అంటే స్విచ్చి తీగల్లో మెయిన్స్ కరెంటు ఉండకూడదని, రాసి ఉన్న మాడ్యూల్‌లో స్విచ్చి తీగల చోట అలవాటుకొద్దీ ఫేజు కలిపితే మాడ్యూల్ మాడి ఊరుకుంటుంది. సరిగా బిగిస్తే మామ్మగారు స్విచ్చి నొక్కినా వెలుగుతుంది, ఫోన్‌లో చెప్పినా వెలుగుతుంది, రాత్రి రెండింటికి మాత్రం నోరు మూసుకుంటుంది.

ఇట్లు,
గోడ స్విచ్చి తరఫున,
తమ హోల్డరు యజమానులు.

తా.క.: ఆర్పేసి ఉన్నప్పుడు కూడా తమరు వైఫై వింటూ తినే కరెంటు అర వాటు అనుకున్నా ఏడాదికి 4.38 యూనిట్లు. మూల దీపానికి మేత కింద రాసుకుంటున్నాం.