బ్రేకుల బిల్లు: పెరిగేది ఎక్కడ, తగ్గించుకోగలిగేది ఎక్కడ

కారును సర్వీస్‌కు ఇచ్చిన రోజు మధ్యాహ్నం సర్వీస్ అడ్వైజర్ నుంచి వచ్చే ఫోన్ చాలామంది యజమానులకు అనుభవమే. "ముందు ప్యాడ్లు అయిపోయాయి సార్, డిస్కులు కూడా దెబ్బతిన్నాయి, వెనక లైనర్లు కూడా ఇప్పుడే వేయించేస్తే ఒక పని అయిపోతుంది, సేఫ్టీ విషయం కదా" అంటాడతను. ఆ చివరి మాట విన్నాక బేరమాడే ధైర్యం ఎవరికీ రాదు. ఏసీ పాడైతే అద్దాలు దించుకుని నెట్టుకొచ్చేవాళ్లు కూడా బ్రేకుల మాట రాగానే సరేనంటారు. అలా అనడంలో తప్పేమీ లేదు. అయితే ఆ అంచనా మొత్తంలో నిజంగా భద్రత కోసం పెట్టాల్సింది ఎంత, మనం ఆలస్యం చేయడం వల్ల మీద పడింది ఎంత, అవసరం లేకపోయినా చేర్చింది ఎంత అని విడదీసి చూసుకునే వీలు మన దేశంలో సగటు కారు యజమానికి దొరకడం లేదు. బ్రేకుల మీద ఆదా అంటే చవక ప్యాడ్లు కొనడమేనని చాలామంది అనుకుంటారు. ఆదా చేయకూడని చోటు సరిగ్గా అదేనని, డబ్బు మిగిలేది మిగతా రెండు చోట్లేనని నా అభిప్రాయం.

ముందుగా ఖర్చుల సంగతి చూద్దాం. స్విఫ్ట్, వ్యాగన్ఆర్, టియాగో వంటి చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, వెనక చక్రాలకు డ్రమ్ బ్రేకులు ఉంటాయి. డిస్క్ బ్రేకులో చక్రంతో పాటు తిరిగే లోహపు పళ్లెం లాంటి డిస్కును ప్యాడ్లు రెండు వైపుల నుంచి అదుముతాయి, డ్రమ్ బ్రేకులో తిరిగే గిన్నె లాంటి డ్రమ్ము లోపలి గోడకు లైనర్లు ఒరుసుకుంటాయి. ఈ తరగతి కార్లకు ముందు ప్యాడ్ల సెట్టు సుమారు 1,200 నుంచి 3,000 రూపాయల మధ్య, వెనక లైనర్లు ఇంచుమించు 800 నుంచి 1,800 మధ్య దొరుకుతాయి. ప్యాడ్లు మార్చే కూలి బయటి గ్యారేజీలో కొన్ని వందల్లోనే ఉంటుంది, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అంతకంటే ఎక్కువ. డిస్కులు జత మార్చాల్సి వస్తే మాత్రం విడిభాగాలకే మరో 3,000 నుంచి 6,000 వరకు అవుతుంది. మధ్యస్థాయి ఎస్‌యూవీలకు ఈ అంకెలన్నీ పెరుగుతాయి, విదేశీ లగ్జరీ కార్లకు ప్యాడ్ల సెట్టు ఒక్కటే పది వేలు దాటడం మామూలే. ఊరిని బట్టి, మోడల్‌ను బట్టి ఇవి మారుతుంటాయి కాబట్టి ఈ అంకెలను ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. ఇక్కడ గమనించాల్సింది వాటి మధ్య ఉన్న తేడా. రెండు వేల చిల్లరతో తేలిపోయే పని ఎనిమిది తొమ్మిది వేలకు చేరేది డిస్కుల దగ్గరే.

డిస్కు దాకా ఖర్చు ఎందుకు పాకుతుందో తెలియాలంటే ప్యాడ్ అరిగే తీరు తెలియాలి. బ్రేక్ వేసినప్పుడు బండి బరువు ముందుకు వాలుతుంది గనుక ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాలే చేస్తాయి, కాబట్టి ముందు ప్యాడ్లు త్వరగా అరుగుతాయి. కొత్త ప్యాడ్‌లో రాపిడి పదార్థం మందం సాధారణంగా 10 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, అది 3 మిల్లీమీటర్లకు దిగేసరికి మార్చడం మంచిదని మెకానిక్‌ల లెక్క. చాలా ప్యాడ్లకు అంచున ఒక చిన్న రేకు ముక్క ఉంటుంది. పదార్థం తగినంత అరిగాక ఆ రేకు డిస్కును తాకి కీచుమని శబ్దం చేస్తుంది. యజమానిని హెచ్చరించడానికే దాన్ని పెట్టారు. ఆ శబ్దాన్ని దుమ్ము వల్లనో, వర్షం వల్లనో వస్తోందనుకుని పట్టించుకోకుండా తిరిగితే, కొన్నాళ్లకు పదార్థం పూర్తిగా పోయి వెనకున్న ఉక్కు పలక నేరుగా డిస్కును కోసేస్తుంది. అప్పుడు వచ్చేది కీచు శబ్దం కాదు, గరగరమనే కోత. ఆ తర్వాత కొత్త ప్యాడ్లు వేసినా గాట్లు పడిన డిస్కు మీద అవి సరిగా కూర్చోవు. చక్రం విప్పి ప్యాడ్ మందం చూడడానికి పావుగంట పట్టదు. చాలా కార్లలో అల్లాయ్ చక్రం సందుల్లోంచి టార్చి వేసినా బయటి ప్యాడ్ కనిపిస్తుంది.

అయితే బయటి ప్యాడ్ ఒక్కటే చూసి తృప్తి పడకూడదు. డిస్కుకు అటొకటి, ఇటొకటి రెండు ప్యాడ్లు ఉంటాయి. ఆ ప్యాడ్లను పట్టుకుని డిస్కుకు అదిమే భాగాన్ని కాలిపర్ అంటారు. చిన్న కార్లలో వాడే కాలిపర్‌లో పిస్టన్ లోపలి వైపు మాత్రమే ఉండి లోపలి ప్యాడ్‌ను నెడుతుంది, ఆ ఒత్తిడికి కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను కూడా డిస్కుకు అదుముతుంది. ఆ పిన్నులను కప్పి ఉంచే రబ్బరు బూటు చిరిగితే నీళ్లు, మట్టి చేరి, గ్రీజు ఎండిపోయి పిన్ను బిగుసుకుపోతుంది. అప్పటినుంచి లోపలి ప్యాడ్ ఒక్కటే పని చేస్తుంది. విప్పి చూస్తే బయటిది సగానికి పైగా మిగిలి ఉంటుంది, లోపలిది ఇనుము దాకా అరిగిపోయి ఉంటుంది. ఇలాంటి కారుకు పిన్నులు శుభ్రం చేయకుండా కొత్త ప్యాడ్లు మాత్రమే బిగించి పంపితే, ఏడాది తిరగకుండానే మళ్లీ అదే బిల్లు తప్పదు. ప్యాడ్ల కంపెనీని తిట్టుకోవడం తప్ప యజమానికి కారణం అంతుపట్టదు. పిన్నులు కడిగి, వేడికి కరగని, రబ్బరును పాడుచేయని ప్రత్యేక గ్రీజు పెట్టి, చిరిగిన బూటు మార్చడానికి అయ్యే ఖర్చు కొద్ది వందలే. అంచనా కాగితంలో "కాలిపర్ సర్వీస్" అన్న లైను కనిపిస్తే వెంటనే కొట్టేయమనే అలవాటు కొందరికి ఉంది. పిన్నులు నిజంగా విప్పి గ్రీజు పెట్టే పనైతే ఆ లైను ఉంచాలి. చక్రం విప్పకుండా స్ప్రే కొట్టి "బ్రేక్ క్లీనింగ్" అని రాసేదైతే నిస్సంకోచంగా తీయించాలి. రెండింటి మధ్య తేడా అడగకపోతే ఎవరూ చెప్పరు.

బ్రేక్ ఫ్లూయిడ్‌ది మరో కథ. పెడల్ ఒత్తిడిని చక్రాల దాకా చేర్చే ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, నీరు చేరాక ప్రమాణం ప్రకారమే ఆ స్థాయి 140కి పడిపోవచ్చు. డాట్ 4 విషయంలో ఆ అంకెలు 230, 155. తిరుమల ఘాట్‌లోనో, అరకు నుంచో న్యూట్రల్‌లోనో టాప్ గేరులోనో దిగుతూ అడుగడుగునా బ్రేకు తొక్కేవాళ్ల కార్లలో పాత ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు పుడితే, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి ఫ్లూయిడ్ మార్చమని సూచిస్తాయి. అర లీటరు డబ్బా ధర కొన్ని వందలు మాత్రమే. ఏ మలుపులోనో పెడల్ దిగిపోయే ప్రమాదం ముందు ఆ డబ్బు లెక్కలోకి రాదు. ఇంకొక సంగతి: ప్యాడ్లు అరిగేకొద్దీ బానెట్ కింద ఉండే డబ్బాలో ఫ్లూయిడ్ మట్టం దానంతట అదే తగ్గుతుంది. మట్టం తగ్గిందని పైనుంచి పోసేస్తే ప్యాడ్లు అరిగాయన్న గుర్తు చెరిగిపోతుంది. పోసేముందు ప్యాడ్లు చూడమనండి.

ఇక అనవసరంగా చేర్చే ఖర్చులు. ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ డిస్కులు మార్చనవసరం లేదు. డిస్కు ఎంత మందం దాకా అరిగితే తీసేయాలో దాని మీదే చాలా కంపెనీలు మిల్లీమీటర్లలో పోతపోస్తాయి, లేదంటే సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. వెర్నియర్‌తోనో మైక్రోమీటర్‌తోనో కొలిస్తే తేలిపోయే విషయాన్ని "డిస్కులు కూడా పోయాయి సార్" అన్న మాటతో తేల్చేస్తున్నారు. బ్రేకు తొక్కినప్పుడు పెడల్ అదరడం, స్టీరింగ్ వణకడం ఉన్నా, డిస్కు మందం ఇంకా కనీస పరిమితికి పైన ఉంటే, లేత్ పట్టించి పైపొరను చదును చేయించుకోవచ్చు. కొత్త డిస్కుల ఖర్చులో అది చిన్న భాగమే. చెక్కిన తర్వాత మిగిలే మందం పరిమితికి దిగువకు పోతుందంటే మాత్రం కొత్తవి వేయించాల్సిందే. ఆ నిర్ణయానికి ఆధారం కొలత కావాలి. "ప్యాడ్లు ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయి, డిస్కు మందం ఎంత ఉంది, కనీసం ఎంత ఉండాలి?" అనే ప్రశ్న ఫోన్‌లో అడిగి, ఫొటో పంపమంటే చాలాసార్లు అంచనా బిల్లు దానంతట అదే తగ్గుతుంది. ఇది నేను పదే పదే చూసిన సంగతి. మార్చిన పాత ప్యాడ్లు, డిస్కులు డిక్కీలో పెట్టి ఇవ్వమని ముందే చెప్పాలి.

విడిభాగాల విషయంలో మన వాళ్లకు రెండు అపోహలున్నాయి. కంపెనీ డబ్బాలో వచ్చిందే అసలైనదని ఒకటి, బయట దొరికేదంతా నకిలీ అని రెండోది. కార్ల కంపెనీలు ప్యాడ్లను స్వయంగా తయారు చేయవు. చెన్నై పాడిలోని బ్రేక్స్ ఇండియా, హైదరాబాద్‌లోనూ కర్మాగారం ఉన్న రాణే వంటి సంస్థలు, బాష్ వంటి బహుళజాతి సంస్థలు బ్రేకు భాగాలను తమ సొంత పేర్లతోనూ మార్కెట్‌లో అమ్ముతాయి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో బిల్లు ఇచ్చే అధీకృత డీలరు దగ్గర ఇవి కంపెనీ డబ్బా కంటే తక్కువ ధరకు దొరకవచ్చు. బిల్లు లేకుండా, పేరూ ఊరూ లేని డబ్బాలో, నమ్మలేనంత చవకగా ఇచ్చే ప్యాడ్ల జోలికి మాత్రం పోవద్దు. వేడెక్కగానే పట్టు వదిలే పదార్థమో, పలక నుంచి ఊడిపోయే అతుకో వాటిలో ఉంటే అది బయటపడేది హైవే మీదే.

ధరల విషయంలో వినియోగదారుడి చేతిలో ఉన్న ఒక హక్కును ఎక్కువమంది వాడుకోవడం లేదు. ప్యాక్ చేసిన విడిభాగం మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. సర్వీస్ బిల్లులో మూల ధర, దాని మీద జీఎస్టీ విడిగా చూపిస్తారు కాబట్టి ఆ రెండూ కలిపితే డబ్బా మీది ధరను దాటాయేమో చూసుకోవాలి. దాటితే అది చట్ట ఉల్లంఘనే. 2025 సెప్టెంబర్ 22 నుంచి కార్ల విడిభాగాలపై జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, అంతకుముందు వాటిలో చాలావాటిపై 28 శాతం ఉండేది. అంటే వెయ్యి రూపాయల మూల ధర ఉన్న ప్యాడ్లకు 1,280 బదులు 1,180 చాలు. ఆ తగ్గింపు మీ బిల్లులో కనిపిస్తోందా అని అడిగే హక్కు మీకుంది.

వారంటీ పోతుందన్న భయం కూడా జేబుకు చిల్లు పెడుతోంది. విడిభాగాలను, మరమ్మతు పరిజ్ఞానాన్ని బహిరంగ మార్కెట్‌కు అందనివ్వడం లేదన్న ఫిర్యాదుపై కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. బయటి గ్యారేజీలో పని చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అవుతుందనే షరతు పెట్టకూడదని, బయటి మరమ్మతు లోపం వల్ల జరిగిన నష్టం మేరకే వారంటీ నిరాకరించవచ్చని ఆ ఉత్తర్వులో స్పష్టం చేసింది. కంపెనీలు దాన్ని కోర్టుల్లో సవాలు చేశాయి. 2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కంపెనీల మరమ్మతు సమాచారాన్ని ఒక చోట ఉంచే మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించి, ఆటోమొబైల్ రంగాన్ని కూడా అందులో చేర్చింది. సమాచారం ఒక చోటికి రావడం మంచిదే. కానీ పోర్టల్‌లో కంపెనీ పేరు నమోదు కావడం వేరు, సర్వీస్ కౌంటర్ దగ్గర నిలబడిన మనిషికి తన కారు డిస్కు మందం ఎంతో తెలియడం వేరు.

అందుకే నేను కోరేది చాలా చిన్న మార్పు. ఆసుపత్రిలో రక్తపరీక్ష చీటీ మీద రోగి విలువ పక్కనే సాధారణ విలువల పరిధి కూడా ముద్రించినట్టు, కారుకు చేసే పనులను రాసే ప్రతి సర్వీస్ జాబ్ కార్డు మీద నాలుగు చక్రాలకూ ప్యాడ్ లేదా లైనర్ మందం, డిస్కు మందం, వాటి కనీస పరిమితి పక్కపక్కనే రాయడాన్ని తప్పనిసరి చేయాలి. చక్రాలు విప్పిన మెకానిక్‌కు దీనికి పట్టేది ఐదు నిమిషాలు. గత సర్వీసులో 6 మిల్లీమీటర్లు, ఈ సర్వీసులో 4 అని కాగితం మీద కనిపిస్తే, వచ్చే సర్వీసు లోపే మార్చాల్సి వస్తుందని ఎవరైనా లెక్క వేసుకోగలరు. డిస్కు కోత పడకముందే ప్యాడ్లు మారతాయి, బాగున్న డిస్కు చెత్తబుట్టకు చేరదు. అధికారులు ఆ నిబంధన తెచ్చేదాకా ఆగనవసరం లేదు. కారు అప్పగించేటప్పుడే ఆ కొలతలు జాబ్ కార్డు మీద రాయమని అడగండి. కొలత చూపకుండా మార్చేశారనిపిస్తే, ముద్రించిన ధర కంటే ఎక్కువ తీసుకుంటే, బిల్లు ఇవ్వడానికి నిరాకరిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.