సర్దుకుంటాయి, సర్దుకుంటాయి అని ఇంకెన్ని చేపలను చంపుకుందాం?

ఉప్పునీటి అక్వేరియం పెంచేవాళ్లు నలుగురు చేరిన చోట ఈ ప్రశ్న రాకుండా ఉండదు. "కొత్త చేపను వదిలాను, పాతది దాన్ని తరిమి తరిమి కొడుతోంది, ఏం చేయాలి?" వెంటనే ఎవరో ఒకరు అందుకుంటారు: "కంగారు పడకండి, రెండు మూడు రోజుల్లో అవే సర్దుకుంటాయి." ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. మూడో రోజుకు గొడవ ఆగిపోవడం నిజమే. చాలాసార్లు అది ఆగేది, దెబ్బలు తిన్న చేప చచ్చిపోయింది కాబట్టి.

నేనూ ఒకప్పుడు ఆ మాట నమ్మాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. నా మొదటి ట్యాంకులో డొమినో డామ్సెల్ అనే చేప ఒకటి ఉండేది. నల్లటి ఒళ్లు, నుదుటి మీద ఒక తెల్ల చుక్క, రెండు పక్కలా ఒక్కో చుక్క. తెచ్చినప్పుడు బొటనవేలి గోరంత ఉంది. ఏడాది తిరిగేసరికి రాళ్ల గుట్ట మొత్తం దానిదైపోయింది. అప్పుడు తెచ్చాను ఫైర్‌ఫిష్‌ను. ముందు సగం పాలలా తెలుపు, తోక వైపు నిప్పులా ఎరుపు, వెన్ను మీద నిలువుగా లేచే పొడవాటి రెక్క. మొదటి రోజు డామ్సెల్ దాన్ని తాకను కూడా తాకలేదు. అది ఏ రాతి సందులో దూరబోయినా ఎదురుగా వచ్చి నిలబడేది, అంతే. మర్నాటికి ఫైర్‌ఫిష్ పైమూలలో, హీటర్‌కూ అద్దానికీ మధ్య ఒదిగిపోయి ఉంది. వెన్ను రెక్క సగానికి చిరిగింది. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. మేత దాని నోటి ముందు నుంచే కొట్టుకుపోయినా నోరు తెరవలేదు. సర్దుకుంటాయిలే అనుకుని లైట్లు ఆర్పి పడుకున్నాను. తెల్లవారి చూస్తే ట్యాంకు వెనక, నేల మీద ఎండిపోయి ఉంది. మూతలో వైర్ల కోసం వదిలిన సందు రెండు వేళ్ల వెడల్పు కూడా లేదు. అందులోంచే దూకింది.

సముద్రంలో చేపలు తరుముకోవా? తరుముకుంటాయి. కానీ అక్కడ ఓడిన చేపకు పారిపోయే చోటుంది. తోక ఒక్కసారి ఝాడిస్తే పక్క రాతి చాటుకు చేరుతుంది, గెలిచింది వెనక్కి తిరుగుతుంది, తగవు అక్కడితో సరి. నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న ట్యాంకు అడుగు భాగం ఎంత? ఆరు చదరపు అడుగులు. సముద్రంలో అంతకు మించిన జాగాను కాపలా కాసుకునే డామ్సెల్ జాతులున్నాయి. వాటిలో కొన్ని తమకు కావలసిన నాచును ఆ జాగాలో పెంచుకుంటాయి, పనికిరాని దాన్ని నోటితో పీకి అవతల పారేస్తాయి. తమకంటే ఎన్నో రెట్లు పెద్ద చేప వచ్చినా, ఆఖరికి మనిషే ఈదుకుంటూ వచ్చినా మీదికి ఉరుకుతాయి. అలాంటి చేప గోడల మధ్య ఇంకో చేపను ఎంత తరిమినా అది ఎక్కడికీ పోదు. పోవడానికి చోటే లేదు. ఇంకా గట్టిగా తరమాలని మాత్రమే దీనికి తెలుసు. అందుకే "నా దగ్గర ఒక రాక్షసి చేప ఉంది" అని ఎవరైనా అంటే బాధగా ఉంటుంది. అది రాక్షసి కాదు. తన ఇల్లు కాపాడుకుంటోంది.

ఎవరిని తరుముతుందన్నదీ చాలావరకు ముందే ఊహించవచ్చు. 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ పగడపు దిబ్బల చేపలను గమనించి ఒక మాట చెప్పాడు: కళ్లు జిగేలుమనే రంగులున్న చేపలు అందరికంటే ఎక్కువగా తమ జాతి చేపల మీదే విరుచుకుపడతాయని. తిండి ఒకటే, గూడు ఒకటే, కాబట్టి పోటీ కూడా వాటితోనే. ట్యాంకులో ఈ కోపం ఒకే ఆకారం, ఒకే రంగు ఉన్న వేరే జాతుల మీదికీ పాకుతుంది. ఎల్లో టాంగ్ అనే పసుపు చేప ఉన్న ట్యాంకులోకి అదే పళ్లెం లాంటి ఆకారంలో ఉన్న ఇంకో టాంగ్‌ను ఆలస్యంగా దించి చూడండి. వద్దు, చూడకండి. టాంగ్ తోక మొదట్లో రెండు పక్కలా కత్తి లాంటి ముల్లుంటుంది, వీటిని సర్జన్ ఫిష్ అనేది అందుకే. పక్కపక్కన నిలబడి తోక విసిరితే ఎదుటి చేప ఒంటి మీద గీతలు పడతాయి. పైగా ఇవి పగలంతా నాచు మేసే చేపలు. ఆకలి మీదున్న టాంగ్ మరీ చిరాకుగా ఉంటుంది. ఎండు సముద్రపు నాచు ముక్కను క్లిప్పుకు పెట్టి రోజూ ట్యాంకులో ఉంచితే సగం చికాకు అక్కడే తగ్గడం నేను చూశాను.

రంగు చూసి కొనేవాళ్లు మోసపోయే జంట మరొకటుంది: రాయల్ గ్రామా, రాయల్ డాటీబ్యాక్. రెండూ ముందు సగం ఊదా, వెనక సగం పసుపు. మొదటిది కరీబియన్ ప్రాంతపు చేప, తన గుహ జోలికి రాకపోతే ఎవరి జోలికీ పోదు. రెండోది పసిఫిక్ చేప, వేలెడంత ఉండి తనకంటే పెద్దవాటిని మూలకు నెట్టేస్తుంది. పేరు తెలియకుండా, అందంగా ఉందని సంచిలో వేయించుకుని వస్తే ఆ తర్వాత ఏడ్చేది మీరు కాదు, మీ ట్యాంకులో చేపలు.

నా అసలు కోపం ఇంకో సలహా మీద. కొత్త ట్యాంకు పెట్టినవాళ్లకు "ముందు డామ్సెల్స్ వేయండి, గట్టి చేపలు, నీళ్లు సిద్ధమవుతాయి" అని చెబుతారు. చేప విసర్జించే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా పెరగడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ బతికున్న చేపను విషంలో ఉంచడం ఎందుకు? సీసాలో దొరికే అమ్మోనియా చుక్కలతో ఆ పని చేపే లేకుండా జరుగుతుంది. పైగా డామ్సెల్స్‌ను ముందు వేయడం వల్ల ట్యాంకులో అందరికంటే కోపిష్టి చేప అందరికంటే ముందు వచ్చి స్థలమంతా తన పేరున రాయించుకుంటుంది. వరుస తిరగబడాలి. పిరికివి ముందు, పొగరుబోతువి చివర. ఫైర్‌ఫిష్, గోబీ, కార్డినల్ లాంటి పిరికి చేపలు కుదురుకున్నాకే టాంగ్, సిక్స్‌లైన్ రాస్ లాంటి పొగరుబోతు చేపల సంగతి ఆలోచించాలి.

నిజంగా సర్దుకోవడం అంటే ఏమిటో చూడాలంటే క్లౌన్ ఫిష్ జంటను చూడండి. ఇవన్నీ మగవిగా పెరుగుతాయి, గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడదవుతుంది. పీటర్ బస్టన్ అనే శాస్త్రవేత్త 2003లో ప్రచురించిన పరిశోధనలో, గుంపులోని చిన్న చేపలు తమ పైదానికంటే చిన్నగా ఉండేలా ఎదుగుదలనే అదుపులో పెట్టుకుంటాయని చూపించాడు. మించి పెరిగితే గెంటేస్తారు కాబట్టి. ట్యాంకులో పెద్దది మీదికి రాగానే చిన్నది పక్కకు ఒరిగి ఒళ్లంతా వణికిస్తుంది. అది లొంగుబాటు. పెద్దది ఆగిపోతుంది, కాసేపటికి రెండూ పక్కపక్కనే మేత తింటాయి. అందుకే చిన్న వయసులోనే, కొంచెం పరిమాణం తేడా ఉన్న రెండిటిని తెచ్చుకోవాలి. ఎదిగిన రెండు ఆడ చేపలను కలిపితే లొంగేదెవరూ ఉండరు, ఒకటి చచ్చేవరకు కొట్టుకుంటాయి.

కాబట్టి తరుముతోందా లేదా అన్నది కాదు చూడవలసింది, తరమడం ఎక్కడ ఆగుతోంది అన్నది. దాక్కున్న చోటికి వెళ్లి మరీ లాగుతోందా? కొత్తది తింటోందా? రెక్కలు చిరిగాయా? నీటి పైమూలలో వేలాడుతోందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రెండు రోజులు ఆగకండి, ఆ పూటే విడదీయండి. భయంతో చిక్కిన చేప ఒంటి మీద నాలుగు రోజుల్లో ఉప్పు చల్లినట్టు తెల్ల మచ్చలు రావచ్చు, క్రిప్టోకారియన్ అనే పరాన్నజీవి పని అది. అప్పుడు అందరం నీళ్లను తిడతాం.

విడదీయడం అంటే తీసేయవలసింది కొట్టే చేపను. వారం పది రోజులు దాన్ని వేరే ఉంచి, ఈలోగా రాళ్ల అమరిక మార్చేస్తే తిరిగి వచ్చేసరికి దాని పాత ఇల్లు ఉండదు, అదే కొత్తగా వచ్చిన చేప అవుతుంది. ట్యాంకు గోడకు బయటి నుంచి రోజూ కాసేపు ముఖం చూసుకునే అద్దం ముక్క ఆనించడం కూడా కొన్నిసార్లు పనిచేస్తుంది, కోపం ప్రతిబింబం మీదికి పోతుంది.

డామ్సెల్‌ను పట్టుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. వలకు చిక్కలేదు. చివరికి ప్లాస్టిక్ సీసా మెడ కోసి, తిరగేసి లోపలికి దూర్చి, అందులో మేత పెట్టి రాళ్ల పక్కన ఉంచాను. తనే వచ్చి దూరింది. ఇప్పటికీ వేరే ట్యాంకులో ఒంటరిగా, ఆరోగ్యంగా ఉంది.

పెద్ద ట్యాంకులో ఇప్పుడు చిల్లులున్న పారదర్శకమైన పెట్టె ఒకటి అద్దానికి వేలాడుతోంది. అందులో కొత్త ఫైర్‌ఫిష్. ఈరోజు ఐదో రోజు. నా సిక్స్‌లైన్ మొదటి రోజంతా ఆ పెట్టె చుట్టూ గిరగిరా తిరిగింది, మూడో రోజుకు అప్పుడప్పుడు వచ్చి చూసి వెళ్లేది. ఈ ఉదయం మేత వేసినప్పుడు అటు తల కూడా తిప్పలేదు. లోపలిది మొదటిసారి నీటి మధ్యకు వచ్చి, వెన్ను రెక్క నిలబెట్టి, నాలుగు ముక్కలు తిన్నది. మూతలో వైర్ల సందుకు సన్నటి వల బిగించాను. పెట్టె ఇంకో రెండు రోజులు తెరవను.