పట్టుకోమన్న కడ్డీ

బరంపురంలో తాతలనాటి మేడ ఒకటి వాటాలు తేలక, గోడల్లో రావిమొక్కలు మొలిచి, ఏళ్ల తరబడి పడుంది. చివరికి వారసులకి మంచిబుద్ధి పుట్టింది. కూలగొట్టకుండా, రిటైరైనవాళ్లకి ఫ్లాట్లుగా మార్చి అమ్ముదామనుకున్నారు.

బరంపురం ఉన్న గంజాం జిల్లా, ఇప్పుడు ఒడిశాలో ఉన్నా, 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా, కప్పు మద్రాసు టెర్రసే. టేకు దూలాల మీద పలచని ఇటుకలు ఐమూలగా నిలబెట్టి, పైన ఇటుకముక్కలూ సున్నమూ పోసి, కరక్కాయ బెల్లం నీళ్లు చల్లుతూ కొట్టిన కప్పది. గోడలు రెండడుగుల మందం, అంతా డంగుసున్నం. దాన్ని ముట్టుకోకపోతే ఇంకో తరం నిలుస్తుంది. ముట్టుకున్నారు.

మొదట ర్యాంపు. అరుగు ఎత్తు 3 అడుగులు. చక్రాల కుర్చీకి అడుగు ఎత్తుకి 12 అడుగుల వాలు కావాలి, అంటే 36 అడుగులు, మధ్యలో కుర్చీ ఆగడానికి 5 అడుగుల చదును. "పద్దెనిమిది సాలదేటి బాబూ?" అన్నాడు మేస్త్రీ. అన్నాడంటే అప్పటికే పోసేశాడని అర్థం. ఖాళీ కుర్చీని పైనుంచి వదిలి చూశారు. అది గేటు దాటి, రోడ్డు దాటి, ఎదురుగా బడ్డీకొట్టు సోడాపెట్టెలకి తగిలి ఆగింది. బడ్డీవాడికి సోడాల డబ్బులిచ్చి, ర్యాంపు పగలగొట్టి, ప్రహరీ వారగా మలుపు తిప్పి మళ్లీ పోశారు.

అసలు కథ బాత్రూములో. మొదటి ఫ్లాటు కొన్న హెడ్‌మాస్టారు కమోడ్ పక్కన స్టీలు కడ్డీ పట్టుకుని, "గట్టిదేనా?" అంటూ కొంచెం లాగారు. కడ్డీ, నాలుగు స్క్రూలు, రెండు టైల్సు, దోసెడు సున్నం కలిసికట్టుగా వచ్చేశాయి. మాస్టారు గదాధారిలా నిలబడ్డారు. "ఇంటికొచ్చిన మొదటిరోజే గోడ పీకారా?" అంది మాస్టారి ఆవిడ.

పీకింది ఆయన కాదు, 2013 ఫైలిన్ తుపాను తర్వాత ఎవరో చేసిన రిపేరు. తడిసిన సున్నపు గోడకి సిమెంటు పూత పూశారు. పునాదిలోంచి ఎక్కిన చెమ్మ సున్నంలోంచైతే ఆరిపోతుంది. సిమెంటు దాన్ని లోపలే బిగించేస్తుంది. వెనకాల ఉప్పు పొంగి, పూతని గోడనుంచి విడదీస్తుంది. వేలితో కొడితే డబడబలాడుతుంది, కానీ టైల్సు వేసే తొందరలో ఎవరు కొట్టి చూస్తారు? రావల్‌ప్లగ్గు (స్క్రూ బిగియడానికి గోడ కన్నంలో దూర్చే చిన్న గొట్టం) పట్టుకున్నది ఆ అంగుళం పూతనే.

మందు రెండు రకాలు. సిమెంటు గీకి, ఇటుక నడుమ (అతుకులో కాదు) లోతుగా తొలిచి, దుమ్ము ఊది, జాలీగొట్టంలో రసాయన జిగురు పోసి బోల్టు బిగించడం ఒకటి. గోడ ఈ వైపునుంచి ఆ వైపుకి పొడుగు బోల్టు దూర్చి, అవతల ఇనుపపలక వేసి నట్లు బిగించడం రెండోది. మాస్టారు రెండోదే కావాలని పట్టుబట్టారు.

గోడకి అవతల పక్కఫ్లాటు మామ్మగారి దేవుడిగది. నాలుగు నట్లూ సరిగ్గా వెంకటేశ్వరస్వామి పటం కింద తేలాయి. ఇంకొకరైతే కేసు పెట్టేవారు. ఆవిడ నాలుగింటికీ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. ఇప్పుడు ఆర్నెల్లకోసారి నట్లు బిగించాలంటే మేస్త్రీ తలస్నానం చేసి, తడిబట్టతో రావాలి. మంగళవారం, శుక్రవారం పానా తగలకూడదట.