లేబర్ అడ్డాలో బ్రాండెడ్ లుంగీ

సామాజిక శాస్త్రంలో గొప్ప విప్లవం వచ్చింది. మీకింకా కబురు అందినట్టు లేదు. మనుషుల మధ్య ఏళ్ల తరబడి ఉండి తెలుసుకోవాల్సిన సంగతులను ఇప్పుడు టిఫిన్ వేళకు మొదలుపెట్టి లంచ్ లోపు ముగించేయవచ్చు. ఈ ఘనత మన హైదరాబాద్‌ది. అందులోనూ గచ్చిబౌలిది.

కూలీలను ఫోన్‌లో బుక్ చేసుకునే యాప్ తయారుచేస్తున్న ఒక కంపెనీ వాళ్లు ఈ మధ్య అక్కడ ప్రెజెంటేషన్ పెట్టారు. మా పై ఫ్లోర్ అబ్బాయి అందులో ఉద్యోగి. రమ్మన్నాడు, భోజనాలు కూడా ఉన్నాయన్నాడు, వెళ్లాను. మాట్లాడింది వాళ్ల టీమ్ లీడ్. దినకూలీలు తమలో తాము ఎలా మెలుగుతారు, ఎవరి మాట ఎవరు వింటారు, కొత్తవాణ్ణి ఎలా కలుపుకుంటారు, ఇవన్నీ తెలుసుకోవడానికి ఆయన 'పార్టిసిపెంట్ అబ్జర్వేషన్' చేశాడట. అంటే దూరంగా కుర్చీ వేసుకుని చూడకుండా, లేబర్ అడ్డా మీద వాళ్లలో ఒకడిగా నిలబడి, వాళ్లు చేసే పనే తనూ చేస్తూ గమనించడం. ఎన్నాళ్లు నిలబడ్డావు నాయనా అని వెనక వరసలోంచి ఒక పెద్దాయన అడిగాడు. "మార్నింగ్ ఆరున్నర నుంచి పదకొండు వరకు సార్" అన్నాడు. హాల్లో చప్పట్లు.

పాపం, పాతకాలం వాళ్లకు ఈ కిటుకు తెలియక ఎంత టైమ్ వేస్ట్ చేసుకున్నారో! మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్ర మహానుభావుడు 1915, 1918 మధ్య న్యూగినీ పక్కనున్న ట్రోబ్రియాండ్ దీవుల్లో రెండు విడతలుగా గుడారం వేసుకుని కూర్చున్నాడు. అక్కడి వాళ్ల భాష నేర్చుకున్నాడు. ఆయన పోయాక 1967లో సొంత డైరీ అచ్చయింది. అందులో చూస్తే ఆ ఊరి జనం మీద చిరాకు, కోపం, పని మానేసి నవలలు చదువుకున్న రోజులు. విసుగు పుట్టినా అక్కడే ఉన్నాడు. మన టీమ్ లీడ్‌కి విసుగు పుట్టేంత వ్యవధి కూడా దొరకలేదు.

విలియం ఫుట్ వైట్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త సంగతి ఇంకా దారుణం. 1930ల చివర్లో బోస్టన్‌లో నార్త్ ఎండ్ అనే ఇటాలియన్ వలసదారుల పేటలో మూడేళ్లకు పైగా గడిపాడు. హోటల్ నడుపుకునే ఒక కుటుంబం దగ్గర గది తీసుకుని, ఇటాలియన్ నేర్చుకుని, పనీపాటా లేక వీధి మూల మీద నిలబడే కుర్రాళ్లతో తిరిగాడు. ఆ గుంపు నాయకుడికి తర్వాత రాసిన పుస్తకంలో డాక్ అని పేరు పెట్టాడు. ఎవరు, ఏమిటి, ఎందుకు, ఎక్కడ అంటూ ప్రశ్నలు వేయొద్దు, ఊరికే మాతో ఉండు, అడక్కుండానే జవాబులు వస్తాయి అని ఆ డాక్ సలహా ఇచ్చాడు. సరేనని వైట్ శనివారం రాత్రులు వాళ్లతో బౌలింగ్ ఆడాడు. క్రికెట్ బౌలింగ్ అనుకునేరు, మన మాల్స్‌లో బరువైన బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే ఆట. ఆడగా ఆడగా ఒకటి కనబడింది. గుంపులో ఎవరి హోదా ఎంతో వాళ్ల స్కోరూ దాదాపు అంతే. ఒంటరిగా ఆడితే బ్రహ్మాండంగా కొట్టే చిన్నస్థాయి కుర్రాడు, నలుగురి మధ్య ఆడేసరికి తడబడేవాడు. మిగతావాళ్లు వేళాకోళం చేసి చేసి వాణ్ణి దించేవాళ్లు. 'మీ గ్రూపులో మీ స్థానానికి ఎన్ని స్టార్లు ఇస్తారు' అని ఫారం ఇస్తే ఈ ముక్క దొరుకుతుందా? ఈయన కలిసిపోవడం ఎంతదాకా వెళ్లిందంటే, ఒక ఎన్నికలో నాలుగుసార్లు ఓటేసొచ్చి, తర్వాత ఆ తప్పుపని సంగతి తనే రాసిపెట్టాడు. మన కార్పొరేటర్ అభ్యర్థుల కంట పడకపోవడం ఆయన అదృష్టం.

అంత దూరం పోవడం దేనికి, మన శామీర్‌పేట ఉంది. 1951-52లో ఉస్మానియా యూనివర్సిటీ నుంచి మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే ఒక బృందంతో ఆ ఊరు వెళ్లారు. వెంట వైద్యం వాళ్లు, వ్యవసాయం వాళ్లు, పశువైద్యం వాళ్లు కూడా ఉన్నారు. ప్రశ్నలడగడానికి వచ్చినవాళ్లే ఊళ్లో జ్వరానికి, పశువుల జబ్బుకు మందూ మాకూ చూశారన్నమాట. 1955లో పుస్తకం వచ్చింది. భారతదేశపు పల్లె ఎలా ఉంటుందో దేశవిదేశాల విద్యార్థులు శామీర్‌పేట పేరు మీద చదువుకున్నారు. ఇప్పుడు శామీర్‌పేట అంటే ఔటర్ రింగ్ రోడ్డు ఎగ్జిట్. టీమ్ లీడ్ వీకెండ్‌కి అటే వెళ్తాడట, రిసార్ట్‌కి.

సరే, అసలు కథకొద్దాం. స్క్రీన్ మీద ఫొటో పడగానే గుర్తుపట్టాను. అది మా సందు చివర ఉండే అడ్డా, కూకట్‌పల్లి వైపు. తెల్లారేసరికి అక్కడ పాలమూరు, శ్రీకాకుళం, ఒడిశా అన్నీ కలిసి నిలబడి ఉంటాయి. తాపీ పనివాళ్లు టీ బండి దగ్గర, సెంట్రింగ్ వాళ్లు ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, ఆడవాళ్లు షట్టర్ తెరవని షాపు మెట్ల మీద, పారా తట్టా మాత్రమే తెచ్చుకున్నవాళ్లు డివైడర్ వెంట. ఎక్కడా బోర్డు లేదు, కానీ ఎవరి చోటు ఎవరిదో అందరికీ తెలుసు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తాపీ మనిషి నిలబడడు, నిలబడితే ఎందుకు నిలబడ్డాడో పది మంది అడుగుతారు. పరిశీలించేవాడికి ఇది పెన్నిధి. రెండు నెలలు అక్కడ టీ తాగితే చాలు.

మన పరిశీలకుడు ఎక్కడ నిలబడ్డాడు? నడిమధ్యన. ఫొటోకి వెలుతురు బాగుందని.

వేషం చూడాలి. కొత్త లుంగీ, మడతల గీతలు ఇంకా పోలేదు, అంచు మీద కంపెనీ స్టిక్కర్ అలాగే ఉంది. మెడలో గళ్ల తువ్వాలు. కాళ్లకు రన్నింగ్ షూస్. చేతికి స్మార్ట్‌వాచ్, శ్రమ చేసేటప్పుడు హార్ట్ రేట్ ఎంతుంటుందో రికార్డు చేయాలి కదా. 'పది నిమిషాల్లో పూర్తిగా వాళ్లలో కలిసిపోయాను' అని స్లైడ్ మీద రాసుకున్నాడు. టీ బండి ఆమెను అడిగితే వేరే చెప్పింది. మెట్ల మీద కూర్చున్న ఒక పెద్దామె ఆ అబ్బాయిని పలకరించిందట.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"నల్లగండ్ల."

"నల్లగండ్లల ఏ సైటు?"

"సైటు కాదు... టవర్. పన్నెండో ఫ్లోర్."

"గేటు కాడ ఏనుగు బొమ్మలుంటయ్, గదేనా? గా టవర్‌కు ఇటుకలు మోసింది మేమే. బాత్రూముల నీళ్లు ఇంకా కారుతున్నయా?"

కారుతున్నాయట. అడ్డా అంతా నవ్విందట. స్లైడ్ మీద ఈ సంఘటన 'తొలి పరిచయంలోనే సభ్యులు వ్యక్తిగత సమాచారం పంచుకుంటారు' అనే శాస్త్రీయ సత్యంగా మారింది. ఆ తర్వాత ఆయన సంచిలోంచి ఓట్స్ బార్లు తీసి పంచాడు. ఒకాయన కొరికి చూసి, మర్యాదగా జేబులో పెట్టుకున్నాడు. ఇది 'ఆహారం పట్ల పొదుపు వైఖరి'. షూస్ వంక అందరూ చూశారు, అది 'కొత్త సభ్యుడి పట్ల ఆసక్తి'. బీడీ ఇస్తే దగ్గొచ్చింది. దాన్ని ఏ కోవలో వేశాడో నాకు సరిగ్గా వినపడలేదు, హాల్లో అప్పటికే నవ్వులు.

ఎనిమిది దాటాక ఒక మేస్త్రీ ట్రాలీ ఆటోలో వచ్చాడు. "ఐదుగురు కావాలె. స్లాబు పని. గట్టోళ్లు రాండ్రి." అలా పిలిచినప్పుడు అడ్డా మీద ఏమవుతుందో చూడనివాళ్లకు చెప్పడం కష్టం. అప్పటిదాకా ఒకరికొకరు టీ ఇప్పించుకున్నవాళ్లు ఆటో కమ్మీలు పట్టుకుని తోసుకుంటారు. మేస్త్రీ మనుషుల భుజాలు చూసి ఏరుకుంటాడు. నలుగురు ఎక్కారు. ఐదోవాడి కోసం మేస్త్రీ చూపు అటూ ఇటూ తిరిగి ఆరడుగుల ఎత్తు, జిమ్ చేసిన దండలు, చిన్నప్పటి నుంచి పాలూ గుడ్లూ తిన్న ఒళ్లు ఉన్న మన టీమ్ లీడ్ మీద ఆగింది. "ఏయ్ పొడుగు తమ్మీ, ఎక్కు."

ఎక్కాడు! ఎక్కకపోతే పార్టిసిపేషన్ ఎలా అవుతుంది? శాస్త్రం ఒప్పుకోదు. "నన్ను సెలెక్ట్ చేశారు!" అని స్టేజీ మీద చేతులు చాపాడు. ఈలలు పడ్డాయి. సైట్ దగ్గర ఇసుక తట్ట ఎత్తిన ఫొటో చూపించాడు. తర్వాత అరచేతిలో బొబ్బ, క్లోజప్. తర్వాత హార్ట్ రేట్ గ్రాఫ్. బొబ్బ పగిలాక క్యాబ్ బుక్ చేసుకుని వచ్చేశాడు, పదకొండుకి ఆఫీసులో కాల్ ఉంది మరి. స్లైడ్ పైన పెద్ద అక్షరాలతో ఒకే మాట: ఎంపతీ. అంటే ఎదుటివాడి కష్టాన్ని తనదిగా అనుభవించడమట.

ఇక్కడ నాకు నవ్వు ఆగిపోయింది. ఐదుగురు కావాలంటే ఐదోవాడిగా ఈయన ఎక్కాడు. ఈయన లేకపోతే ఎక్కాల్సినవాడు ఒకడు ఉన్నాడు కదా? ఉన్నాడు. యాభై దాటిన మనిషి, పాలమూరు నుంచి వచ్చాడు, ఒక చెయ్యి ఆటో కమ్మీ మీద వేశాడు కూడా. మేస్త్రీ ఆ చెయ్యి తీసేయించాడు. ఆయన పది దాకా నిలబడ్డాడు. పది దాటితే ఎవరూ పిలవరు. సద్ది డబ్బా మూత తీయకుండానే తిరిగి బస్సెక్కాడు. ఏడెనిమిది వందల కూలి పోయింది. సైట్ దగ్గర మిగిలిన నలుగురూ ఐదుగురి పని చేశారు. మేస్త్రీ తిట్లు ఎవరికి తగిలాయనుకుంటున్నారు, క్యాబ్‌లో ఏసీ పెంచుకున్నవాడికా? ఇవేవీ స్లైడ్ల మీద లేవు. ఉన్నదేమిటో తెలుసా? 'ఉదయం 10 తర్వాత గుంపులో సామాజిక చురుకుదనం గణనీయంగా తగ్గుతుంది.' తగ్గదా! పని దొరకనివాళ్లు ఇంటికి పోతున్నారయ్యా! పిల్లల ఫీజుకు, గది అద్దెకు ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ పోతున్నారు. చురుకుదనమట!

గుంపులోకి దూరితే గుంపు మారిపోతుందని ఈ శాస్త్రానికి ఎప్పుడో తెలుసు. 1954లో అమెరికాలో ఒక చిన్న భక్తబృందం డిసెంబర్ 21న జలప్రళయం వస్తుందని నమ్మింది. ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన మనుషులను భక్తుల వేషంలో లోపలికి పంపాడు. కట్టుకథలు చెప్పుకుని వచ్చిన ఆ కొత్త భక్తులను చూసి అసలు భక్తులకు నమ్మకం ఇంకా గట్టిపడింది. అలా వేషాలు వేసుకుని దూరవచ్చా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. అక్కడ పెరిగింది నమ్మకం. మా అడ్డాలో పోయింది ఒక రోజు కూడు.

భోజనాల దగ్గర టీమ్ లీడ్‌ని అడిగాను, ఆటో వచ్చేదాకా మీతో మాట్లాడినవాళ్లలో ఎవరి పేరైనా గుర్తుందా అని. "డేటా క్లౌడ్‌లో ఉంది అంకుల్" అన్నాడు. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ గారు 1948లో మైసూరు దగ్గర ఒక పల్లెలో చాలా నెలలు ఉండి రాసుకున్న నోట్స్ 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో నిప్పు పెడితే కాలిపోయాయి. ఆయన జ్ఞాపకం మీదే పుస్తకం రాశారు, 1976లో వచ్చింది. అక్కడ కాగితాలు తగలబడినా మనుషులు గుర్తున్నారు. ఇక్కడ క్లౌడ్ భద్రంగా ఉంది. పోనీ మీ టవర్ వాచ్‌మన్ పేరేమిటి అన్నాను. కాసేపు ఆలోచించాడు. "భయ్యా అంటాం అంకుల్."

తర్వాతి పరిశీలన ప్రభుత్వాసుపత్రి ఓపీ క్యూలో అని మా పై ఫ్లోర్ అబ్బాయి చెప్పాడు. టోకెన్ కూడా తీసుకుంటారట, శాస్త్రం ప్రకారం. ఆ టోకెన్ వెనక నిలబడ్డవాడి సంగతి అడిగితే, అది స్కోప్‌లో లేదన్నాడు.

కాబట్టి ఆ కంపెనీ వారికి నా మనవి ఒకటే. ఎంపతీ మీరే ఉంచుకోండి. ఆ ఐదో మనిషి కూలి మాత్రం పంపండి, మీ రీసెర్చ్ బడ్జెట్‌లో ఓట్స్ బార్ల ఖర్చు కన్నా ఎక్కువేం కాదు. ఆయన ఎవరో మా అడ్డా టీ బండి ఆమెను అడిగితే చెప్తుంది. ఆమెకు పేరు కూడా తెలుసు. క్యూఆర్ కోడ్ బండికే అతికించి ఉంది, ఎంతిచ్చినా ఆయనకు చేరుస్తుంది. ఆయన ఖాతాలో ఆమెకు రావాల్సిన మూడు టీల డబ్బులు కూడా కలిపి వేయండి.