ఫ్రిజ్‌ను ఎందుకు శుభ్రం చేయకూడదు?

ఫ్రిజ్ ఆహారం పాడవకుండా ఉండటానికి అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. మిగిలిన కూరను అదే రాత్రి పారేస్తే పాపం, వారం తర్వాత పారేస్తే శుభ్రత. ఆ పాపాన్ని ఈ శుభ్రతగా మార్చిపెట్టే యంత్రమే ఫ్రిజ్. కరెంటు కాలుతుంది నిజమే, కానీ మనశ్శాంతికి బిల్లు చూసుకుంటామా?

దీనికో పద్ధతి ఉంది. మిగిలినదాన్ని చిన్న గిన్నెలోకి తీసి, దానికి సరిపడని ప్లేటొకటి మూతగా పెట్టి, వెనక గోడకు ఆనేదాకా తోసేయాలి. ముందు పాలగిన్నె వచ్చి నిలబడితే ఇక దాని ఊసు ఎవరికీ గుర్తుండదు. వారానికి బయటపడుతుంది: ప్లేటు అడుగున నీటి బొట్లు, కూర మీద తెల్లటి నూగు, అంచున ఓ ఆకుపచ్చ మచ్చ. ఇంట్లో అనుభవజ్ఞులు ఆ నూగును చెంచాతో తీసేసి, కిందదంతా బాగానే ఉందని తీర్పు చెప్తారు. మెత్తటి పదార్థంలో బూజు పోగులు కంటికి కనపడకుండా లోపలికి దిగిపోతాయట. ఆ మాట చెప్పిన శాస్త్రవేత్త ఎప్పుడైనా పొయ్యి దగ్గర నిలబడి వండాడా?

ఇక ముక్కుగారు. ప్రతి ఇంట్లో ఒక ముక్కుకి సర్వాధికారాలు ఉంటాయి. అనుమానం వచ్చిన ప్రతి గిన్నే దాని దగ్గరికి వెళ్తుంది, ఒక్క పీల్పుతో అనుమతి మంజూరవుతుంది. కాకపోతే కంపు కొట్టించే సూక్ష్మజీవులు వేరు, మనిషిని మంచాన పడేసేవి వేరు, ఈ రెండో రకం చాలాసార్లు వాసనా రానివ్వవు, రుచీ మార్చవు, ఎంతో మర్యాదగా ఉంటాయి. లిస్టీరియా అనే బ్యాక్టీరియా అయితే ఫ్రిజ్ చలిలో కూడా మెల్లగా పెరుగుతుంది, గర్భిణులకూ ముసలివాళ్లకూ దానితో పెద్ద ప్రమాదం. ఈ సంగతి ముక్కుగారికి చెప్పేదెవరు?

"బాగా వేడి చేస్తే అన్నీ చస్తాయిలే" అనే వర్గం మరీ గట్టిది. అన్నం ఉడికినా బాసిల్లస్ సిరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు కొన్ని చావకుండా మిగులుతాయి. అన్నాన్ని గంటల తరబడి బయటే వదిలేస్తే అవి మేల్కొని ఒక విషం తయారుచేస్తాయి, అది మళ్లీ వేడి చేసినా పోదు. అంటే మనం విషాన్ని పొగలు కక్కేలా వేడి చేసుకుని తింటున్నామన్నమాట, చల్లగా తినడం ఆరోగ్యానికి మంచిది కాదు కదా! అందుకే వండినదాన్ని రెండు గంటల్లోపు, బయట 32 డిగ్రీలు దాటితే గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టమంటారు. లోతు తక్కువ గిన్నెల్లో పలుచగా సర్దితే త్వరగా చల్లబడుతుందట. తోమాల్సిన గిన్నెలు పెరుగుతాయని మనం ఆ పని చేయం.

చల్లదనం విషయంలోనూ మనకు నమ్మకమే ఆధారం. లోపల 4 డిగ్రీలు మించకూడదు, ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉండాలి. మనం డయల్ మీద 4 అంకె చూసి 4 డిగ్రీలే అనుకుని నిశ్చింతగా పడుకుంటాం. నిజానికి చాలా ఫ్రిజ్‌లలో అది చల్లదనం స్థాయి మాత్రమే, డిగ్రీలు తెలియాలంటే లోపల థర్మామీటర్ పెట్టాల్సిందే. పైగా తలుపు తెరిచి, ఏమీ తీసుకోకుండా, జీవితం గురించి ఆలోచిస్తూ నిలబడేవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. అలా తెరిచిన ప్రతిసారీ మొదట వేడెక్కేది తలుపు అరలే. పాలూ గుడ్లూ అక్కడ పెట్టొద్దంటారు, మరి గుడ్లకు ఆ గుంటలు తలుపులోనే చేసిచ్చిందెవరు? పచ్చిమాంసాన్ని మూతపెట్టి అన్నిటికన్నా కింది అరలో ఉంచమంటారు, రసం కారితే మిగతావాటి మీద పడకుండా. ఇది ఒప్పుకోవచ్చు, కింద ఖాళీ ఉంటే.

ఎప్పుడో పండక్కి శుభ్రం చేసే రోజొకటి వస్తుంది. చల్లటి గాజు అరను తీసీతీయగానే వేడినీళ్ల కింద పెట్టి పగలగొట్టడం అందులో ముఖ్య ఘట్టం. తలుపు రబ్బరు మడతల్లో నల్లగా పేరుకున్నదాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోరు, మడత విప్పితే కదా కనపడేది.

ఈమధ్య కొందరు మూత మీద తేదీ రాసి అంటించమంటున్నారు, మూడు నాలుగు రోజులు దాటితే తీసేయమంటున్నారు. నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. తేదీ కళ్లముందుంటే "మొన్ననే కదా చేసింది" అని ఎవరు దబాయించగలరు? ఇవాళ తేదీ రాయమన్నవాళ్లు రేపు ఇంట్లో ఎంతమంది ఉంటే అంతే వండమంటారు.