మెట్లు కట్టే చెయ్యి

ఒడిశాలోని రాయగడలో వీణ నేర్చుకునే పిల్లకు వీణ మెట్టు, అంటే స్వరం కోసం తీగను నొక్కే అడ్డుపట్టీ, జారిందంటే ఇంట్లోవాళ్లు ముందు వెతికేది దుప్పటి. వీణను అందులో చుట్టి, తీగలను మోసే గుర్రం కదలకుండా చుట్టూ గుడ్డ కుక్కి, పార్వతీపురం మీదుగా పోయే రైలెక్కి బొబ్బిలిలో దిగాలి. అక్కణ్నుంచి వీణలు చేసే గొల్లపల్లి. పర్లాకిమిడి, గుణుపురం వాళ్లకు బస్సులు మారే తిప్పలు అదనం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు మిగిలింది. పాట మాత్రం గీతకు రెండు వైపులా ఒకటే. ఆ పాటకు వాద్యం సిద్ధం చేసే మనిషి సంగతి ఏ వైపునా ఎవరికీ పట్టడం లేదు.

ఆ మనిషి చేసే పని ఏమిటో ముందు చూడాలి. వీణకు 24 మెట్లు. అవి చెక్కలో దిగ్గొట్టినవి కావు, మైనం మీద కూర్చోబెట్టినవి. తేనెమైనంలో గుగ్గిలం, నలుపు కోసం బొగ్గుపొడి కలిపి కాచి, వీణ మెడ లాంటి దండికి రెండు పక్కలా గట్టులా పోస్తారు. గుగ్గిలం ఎక్కువైతే చలికాలంలో మైనం పెళుసెక్కి పెచ్చులూడుతుంది. తక్కువైతే ఎండల్లో మెత్తబడి మెట్టు వేలి కింద జారుతుంది. తేనెమైనం కరిగేది 62-64 డిగ్రీల దగ్గరే అయినా, మెత్తబడడం అంతకు చాలా ముందే మొదలవుతుంది. మే నెలలో తలుపులు మూసిన కారు డిక్కీలో వీణను ఒక్క పూట వదిలితే చాలు, 24 మెట్లూ మళ్లీ కట్టాల్సిందే.

మళ్లీ కట్టడం అంటే పాత మైనం గీకి, మెట్లను వరస తప్పకుండా తీసి పెట్టుకోవడంతో మొదలు. తీగ ఒరిసి గాట్లు పడ్డ మెట్లను ఆకురాయితో చదును చెయ్యాలి. గుర్రం మీది లోహపు రేకుకూ అలాంటి గాట్లే పడతాయి. ఆ రేకు వంపు కాస్త చెడినా నాదం మూగబోతుంది, లేదా జీర పుడుతుంది. కొత్త తీగలు వేసి, కొత్త మైనం పోసి, అది గోరువెచ్చగా ఉండగానే ఒక్కో మెట్టూ అదిమి నిలబెట్టాలి. ఎత్తులు చూసుకోవడం ఇంకో ఎత్తు. గుర్రం వైపున్న మెట్టు వెంట్రుకవాసి ఎత్తుగా కూర్చున్నా, దాని వెనక మెట్టు మీద తీగ నొక్కినప్పుడు జర్రుమంటుంది. అంతా అయ్యాక తీగలు సాగి కుదురుకోనిచ్చి, మర్నాడు మొదటి నుంచీ మళ్లీ వినాలి.

ఇందులో చెవికి ఉన్న పని ఎంతో లెక్క చెబుతుంది. తీగ పలికే భాగం మొదలయ్యే మేరువు నుంచి గుర్రం దాకా తీగ 32 అంగుళాలు అనుకుందాం. 12వ మెట్టు సరిగ్గా సగంలో, 16 అంగుళాల దగ్గర పడాలి. 24వది గుర్రానికి 8 అంగుళాల దూరంలో. మేరువుకూ మొదటి మెట్టుకూ మధ్య ఎడం 1.8 అంగుళాలకు రవ్వంత తక్కువ. చివరి రెండు మెట్ల మధ్య అర అంగుళం కూడా ఉండదు. మేరువు దగ్గర మెట్టు ఒక మిల్లీమీటరు జరిగితే వచ్చే అపస్వరానికి, గుర్రం దగ్గర అదే మిల్లీమీటరు జరిగితే వచ్చేది నాలుగు రెట్లకు దగ్గర. పోనీ, కొలబద్దతో గుర్తులు పెట్టేస్తే సరిపోదా? పోదు. మెట్టు మీద తీగ నొక్కగానే బిగువు పెరిగి స్వరం కాస్త పైకి పోతుంది. ఎంత పోతుందో తీగ మందాన్ని బట్టి, మెట్టు ఎత్తును బట్టి మారుతుంది. కొలబద్ద చోటు చూపిస్తుంది, ఆ చోటులో ఎక్కడ ఆగాలో చెవి చెప్పాలి.

బొబ్బిలి వీణకు 2012లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. సంతోషమే. ఒకే పనస మాను నుంచి నాదం పలికే కుండ, దండి విడదీయకుండా తొలిచే ఏకాండ వీణకు ఆ గౌరవం దక్కాల్సిందే. నాలుగడుగులకు పైగా పొడవు, అడుగుకు పైగా వెడల్పు, ముడులు లేని చేవ ఉన్న మాను దొరకాలి. పచ్చిమీద మోటుగా తొలిచి, చివర్లు పగలకుండా పూత పూసి, నీడన నెలల తరబడి ఆరనివ్వాలి. తొందరపడి ఎండలో పెడితే కుండ నిలువునా నెర్రెలిస్తుంది. సరిగా ఆరని మానుకు మెట్లు కడితే ఏడాది తిరక్కముందే దండి వంగి, కట్టిన శ్రుతంతా పోతుంది. అయితే ఆ గుర్తింపు కాపాడేది పేరును. చట్టం ప్రకారం ఆ పేరు వాడుకునే హక్కుకు తయారీదారు విడిగా నమోదు కావాలి, నమోదు గడువు పదేళ్లు. ఆ పేరు చేసేవాడి ఇంట్లో బియ్యం డబ్బాను తనంతట తాను నింపదు.

నింపుతున్నది చిన్న వీణ. సన్మాన సభల్లో చేతికిచ్చే జ్ఞాపిక. దానికి శ్రుతి అక్కర్లేదు, మైనం అక్కర్లేదు, వారంవారం అమ్ముడుపోతుంది. దాన్ని తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. అన్నం పెట్టే పని అది. కానీ పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాడు జ్ఞాపికతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతే చెక్కడం వస్తుంది, వినడం రాదు. పెద్ద వీణ ఒకసారి కొన్న ఇల్లు తరానికి గానీ రెండోది కొనదు. వాద్యం చేసేవాడికి నిలకడగా డబ్బు రావాల్సింది మరమ్మతు నుంచే. అక్కడేమో చెక్క కనిపిస్తుంది, తీగ కనిపిస్తుంది, వాటి ఖరీదు అడిగి ఇస్తారు. చెవి కనిపించదు గనక దానికి బేరమాడతారు.

హార్మోనియం బాగుచేసే వాళ్లదీ ఇదే గతి. 1940లో ఆలిండియా రేడియో ఆ పెట్టెను వెలివేసి 1971 దాకా దగ్గరికి రానివ్వలేదు. గంజాం, గజపతి, శ్రీకాకుళం పల్లెల్లో పద్యనాటకం మాత్రం దాన్ని ఒక్కరోజు వదల్లేదు. సముద్రపు తేమకు చెక్క ఉబ్బి మీట పట్టేస్తుంది. తిత్తి మడతలను ఎలుక కొరికితే గాలి నిలవదు. స్వరం పలికే రీడులోని ఇత్తడి నాలుక చుట్టూ ఉన్న సన్నటి సందులో దుమ్ము చిక్కితే రీడు గొంతు మూసుకుంటుంది. రీడు శ్రుతి దిద్దడం రవ్వలు పొదిగే పనంత సున్నితం. ఇత్తడి నాలుక కొన దగ్గర గీకితే బరువు తగ్గి స్వరం పైకి పోతుంది, మొదలు దగ్గర గీకితే బిగువు తగ్గి కిందికి దిగుతుంది. జంట రీడుల్లో ఒకటి 440, ఇంకోటి 442 కంపనాలు పలికితే సెకనుకు రెండు సార్లు స్వరం ఊగుతుంది. ఆ ఊపు ఆగేదాకా గీకాలి, అంతకంటే ఒక్క గీత ఎక్కువ గీకకూడదు. రెండుసార్లు చెడగొట్టి దిద్దిన నాలుక పలచబడి, రంగస్థలం మీద పద్యం మధ్యలో తెగిపోతుంది.

ఇంత పనితనానికి ప్రభుత్వ లెక్కలో చోటెక్కడ? 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, పడవలు చేసేవారు, వలలు అల్లేవారు, బొమ్మలు చేసేవారు, పూలదండలు కట్టేవారు ఉన్నారు. వాద్యాలు చేసేవారు లేరు. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, ఆపైన రెండు లక్షల అప్పు, శిక్షణ రోజులకు 500 రూపాయల భత్యం కావాలంటే వీణ చేసే మనిషి వడ్రంగిగా పేరు రాయించుకోవాలి. డోలు మూత బిగించే మనిషికి, హార్మోనియం దిద్దే మనిషికి ఆ దారి కూడా కుదరదు. కేంద్ర జౌళి శాఖలోని హస్తకళల విభాగం వాద్యాల తయారీని హస్తకళగానే చూస్తున్నప్పుడు, విశ్వకర్మ జాబితాలో పందొమ్మిదో వరస రాయడానికి అడ్డేమిటో మాకు అర్థం కావడం లేదు. ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా ఎంపీలు పార్టీలు పక్కనబెట్టి కలిసి అడగాల్సిన పని ఇది.

వృత్తి పేరు చేర్చి ఊరుకున్నా చాలదు. ఆ పథకంలో మొదటి శిక్షణ అయిదు నుంచి ఏడు రోజులు, పైశిక్షణ పదిహేను రోజులు లేదా ఆపైన. పదిహేను రోజుల్లో కుర్రాడు మైనం కాచడం నేర్చుకుంటాడేమో, మెట్టు వినడం నేర్చుకోడు. ఒక వేసవి, ఒక వాన, ఒక చలి చూస్తే గానీ తాను కలిపిన మైనం ఎలా నిలబడిందో తెలియదు. గురువు దగ్గర కనీసం రెండేళ్లు ఉండేలా నెలనెలా భత్యం ఇవ్వాలి. ఇటు గురువుకూ ఇవ్వాలి, ఎందుకంటే నేర్పే గంటల్లో ఆయన చేతిపని ఆగిపోతుంది. విజయనగరంలో సంగీత పాఠశాల వెలిసింది 1919లో. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాలు. నూరేళ్లకు పైగా అక్కడ పాడేవాళ్లు, వాయించేవాళ్లు చదువుకుంటున్నారు. వాద్యం బాగుచేయడం కూడా ఒక కోర్సుగా, గొల్లపల్లి పెద్దలే గురువులుగా పెట్టడానికి అంతకు మించిన చోటు లేదు.

మాను సంగతి క్లుప్తంగా. కాయ కాసే పనసను రైతు కొట్టనివ్వడు, అది న్యాయమే. కాపు ఉడిగిన చెట్టు సరిహద్దుకు అవతల దొరికినా, ఏ చెట్టుకు రవాణా పర్మిట్టు కావాలి, ఏ చెట్టుకు అక్కర్లేదు అనేది రాష్ట్రానికో జాబితా. లారీల లెక్కన కలప కొనే వ్యాపారికి ఈ కాగితాలు అలవాటు. ఏడాదికి రెండు మూడు మానులు కొని వీణలు చేసేవాడికి తిరుగుడు ఖర్చే మాను ధరను మించుతుంది. రెండు రాష్ట్రాల అటవీ శాఖలూ డిపోల్లో పనస మానులను విడిగా తీసి, ఒక్కొక్కటిగా అమ్మితే ఆ తిరుగుడు తప్పుతుంది.

ఇవన్నీ అయ్యేదాకా ఆగకుండా చేయగలిగింది ఒకటుంది. రాయగడ, పర్లాకిమిడి, బరంపురంలోని తెలుగు సంఘాలు ఏడాదికి రెండు మరమ్మతు శిబిరాలు పెట్టవచ్చు. ఎండలు తగ్గాక జూలైలో ఒకటి, దసరాకు నెల ముందు ఇంకొకటి. వీణకు ఒకరు, హార్మోనియానికి ఒకరు, డోలుకు ఒకరు, నాలుగేసి రోజులు ఉండేలా బస, భోజనం, దారిఖర్చు సంఘం పెట్టుకోవాలి. మరమ్మతు మజూరీ వాద్యం తెచ్చినవారు బేరం లేకుండా ఇవ్వాలి. పేర్లు ముందే రాయించుకుంటే తీగలు, రీడులు, తోళ్లు కావలసిన కొలతల్లో వాళ్లు వెంట తెచ్చుకుంటారు.

ఈలోగా వీణ ఉన్న ఇళ్లకు ఒక మాట. జారిన మెట్టును కొవ్వొత్తి మంటతో కాచి మీరే సరిచేయకండి. పక్క మెట్ల కింద మైనం కూడా మెత్తబడి, ఒక్కటి చెడ్డచోట నాలుగు చెడతాయి. తీగల బిగువు కాస్త దించి, కిటికీ ఎండ తగలని గోడవార పడుకోబెట్టి, ఏ మెట్టు ఏ వైపు జరిగిందో చీటీ మీద రాసి ఉంచండి. మెట్లు కట్టే ఆయన ముందు అడిగేది అదే.