పెళ్లి కాలేదు కదా అని మొటిమల మాత్ర సంగతి దాచకండి

మొహం నిండా చీము గడ్డలు లేచిన ఆడపిల్లకి డాక్టరు ఐసోట్రెటినాయిన్ రాశారంటే నాకు సంతోషమే. నేను వాడిన మందే అది. తగ్గింది, నలుగురిలోకి తల ఎత్తుకుని వెళ్లగలిగాను. కానీ ఆ మాత్ర చేతికిచ్చేటప్పుడు ఆడపిల్లకి తప్పనిసరిగా చెప్పాల్సిన మాట ఒకటుంది: ఇది వాడుతున్నన్నాళ్లూ గర్భం రాకూడదు, వస్తే బిడ్డకి తీవ్రమైన లోపాలు వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. మా కావలిలో గానీ, నెల్లూరు, ఒంగోలు వైపు గానీ నాకు తెలిసిన పెళ్లికాని అమ్మాయిల్లో ఈ మాట డాక్టరు నోటి నుంచి విన్నవాళ్లు తక్కువ. పెళ్లయినవాళ్లకి చెబుతున్నారు. కానివాళ్లని "పెళ్లి కాలేదు కదా" అని వదిలేస్తున్నారు. నా బాధంతా ఇక్కడే.

మామూలు మొటిమలు వేరు, నేను మాట్లాడేవి వేరు. పదహారేళ్ల వయసులో నుదుటి మీద నాలుగు గింజలు లేచి పోవడం ఎవరికైనా ఉంటుంది. ఇవి చర్మం లోపల గట్టిగా గడ్డ కడతాయి, చెంపల మీద, దవడ కింద, వీపు మీద కూడా. దిండు తగిలితే నొప్పి, పక్కకి తిరిగి పడుకోలేం, పొద్దున లేచేసరికి దిండు గలేబు మీద చీమూ నెత్తురూ మరకలు. మానినా గుంట మిగులుతుంది. నూనె గ్రంథులు అతిగా పనిచెయ్యడం, చర్మ రంధ్రాలు మూసుకుపోవడం, వాటిలో బ్యాక్టీరియా పెరగడం, దాంతో వాపు రావడం, ఇవన్నీ కలిస్తే వచ్చే జబ్బు ఇది. అమ్మకో నాన్నకో ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ. మన ఇళ్లలో మాత్రం వేడి చేసిందంటారు. మజ్జిగ తాగమంటారు, సబ్జా గింజలు నానబెట్టి ఇస్తారు, శనగపిండి రాయమంటారు, అన్నీ అయ్యాక "పెళ్లయితే అవే తగ్గిపోతాయిలే" అంటారు. మజ్జిగ వల్ల నష్టమేం లేదు. ఈ ఆఖరి మాట వల్ల మాత్రం ఏళ్లు గడిచిపోతాయి, ఆ ఏళ్లలో మొహం మీద గుంటలు పడతాయి, పడ్డ గుంటల్ని ఏ మాత్రా పూడ్చలేదు. వాటికి లేజర్లనీ ఇంకేవో అనీ వేరే ట్రీట్‌మెంట్లు, వేలకి వేల ఖర్చు, అయినా చర్మం పూర్తిగా మామూలుగా అవ్వదు.

ఇంటి వైద్యం అయ్యాక వెళ్లేది మెడికల్ షాపుకి. కౌంటర్లో కుర్రాడు ఒక ట్యూబు ఇస్తాడు, నాలుగు రోజుల్లో మొహం నున్నగా తెల్లగా అవుతుంది, అందరూ బాగుందంటారు. చాలాసార్లు ఆ ట్యూబులో ఉండేది స్టెరాయిడ్. ఆపగానే మొహం ఎర్రబడి మండుతుంది, మొటిమలు ముందుకన్నా ఎక్కువగా వస్తాయి, కొన్నాళ్లకి చర్మం పలచబడి లోపలి సన్నటి రక్తనాళాలు కనబడతాయి, చెంపల మీద నూగు పెరుగుతుంది. ఇది దేశమంతా ఉన్న సమస్యే, అందుకే 2018లో కేంద్రం పలు స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా మన బజార్లో చీటీ ఎవరడుగుతున్నారు?

స్కిన్ డాక్టరు దగ్గరికి చేరేది ఇవన్నీ అయ్యాకే. ఉదయగిరి వైపు నుంచి నెల్లూరుకో, కనిగిరి, మార్కాపురం వైపు నుంచి ఒంగోలుకో రావాలంటే ఒక రోజు పని పోతుంది, కూడా ఇంకో మనిషి రావాలి. ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుందని కూడా చాలామందికి తెలియదు. డాక్టరు ముందు పూత మందులు, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయోటిక్ ఇచ్చి చూస్తారు, మూడు నాలుగు నెలలకి మించి యాంటీబయోటిక్ సాగదీయకపోవడం మంచి పద్ధతి. నెలసరి సరిగా రాక, గడ్డం కింద వెంట్రుకలు కూడా వస్తుంటే పీసీఓడీ (అండాశయాల్లో, హార్మోన్లలో వచ్చే సమస్య) ఉందేమో చూడాలి, అలాంటివాళ్లలో కొందరికి గర్భనిరోధక మాత్రలే మొటిమలకి మందుగా ఇస్తారు. ఆ మాత్ర పేరు వినగానే తల్లులు భయపడిపోయి చీటీ మడిచి బ్యాగులో పెట్టేసుకోవడం నేను చూశాను. పెళ్లికాని పిల్ల దగ్గర ఆ మాత్రలు ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని వాళ్ల భయం.

వీటికి లొంగని గడ్డ మొటిమలకి ఐసోట్రెటినాయిన్. విటమిన్ ఎ నుంచి వచ్చిన మందు, 1982లో అమెరికాలో అనుమతి పొందింది, ఇప్పటికీ దీన్ని మించింది రాలేదు. నూనె గ్రంథుల్నే కుదించేస్తుంది. లెక్క కిలోల్లో ఉంటుంది: ఒక కోర్సు మొత్తానికి శరీర బరువు కిలోకి 120 నుంచి 150 మిల్లీగ్రాములు. 50 కిలోల అమ్మాయికి 6,000 నుంచి 7,500 మిల్లీగ్రాములన్న మాట. రోజుకి 40 చొప్పున వేసుకుంటే ఐదారు నెలల్లో అయిపోతుంది. దుష్ప్రభావాలు తక్కువగా ఉంటాయని మన దగ్గర రోజుకి 20 రాసేవాళ్లు చాలామందే ఉన్నారు, ఆ లెక్కన పది నెలలు, ఏడాది పడుతుంది. ఈ ఏడాది అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

వాడేటప్పుడు ఎలా ఉంటుందో చెప్పకపోతే మొదటి నెలలోనే భయపడి మానేస్తారు. మొదటి కొన్ని వారాలు మొటిమలు ఎక్కువవ్వొచ్చు. పెదవులు ఎండి పగలడం దాదాపు అందరికీ తప్పదు. నాకు పెదవుల మూలలు చీలిపోయి చేపల పులుసు కలుపుకుని ముద్ద నోట్లో పెడితే చింతపండూ కారమూ తగిలి కళ్లెంట నీళ్లొచ్చేవి, నెల్లూరు మనిషికి పులుసు మానుకోవడం అంటే మాటలు కాదు, పెదవులకి వాజలిన్ దట్టంగా రాసుకుని అప్పుడు తినేదాన్ని. ముక్కు లోపల ఎండిపోయి చీదితే రుమాలు మీద నెత్తురు చార. కళ్లు మండుతాయి, ఒళ్లు నొప్పులు ఉంటాయి, రోహిణి కార్తె ఎండలో బయటికెళ్తే మొహం కమిలిపోతుంది. మాత్ర కొవ్వున్న భోజనంతో వేసుకుంటేనే ఒంటికి బాగా పడుతుంది, రాత్రి ఉత్త చారన్నం తిని వేసుకుంటే సగం వృథా. లివర్ పరీక్ష, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) చూసే రక్త పరీక్ష మొదట్లోనూ మధ్యలోనూ చేయించాలి. ఇవన్నీ ఓర్చుకోగలిగినవే, మందు ఆపితే చాలావరకు పోయేవే.

గర్భం విషయం అలా కాదు. కడుపులో ఉన్న బిడ్డ మెదడు, గుండె, చెవులు, మొహం ఏర్పడే దశలోనే ఈ మందు దెబ్బ తీస్తుంది, గర్భస్రావం కూడా కావచ్చు. కొద్ది రోజులు వాడినా, తక్కువ డోసు వాడినా ప్రమాదం ప్రమాదమే. అందుకే మొదలుపెట్టడానికి నెల ముందు నుంచి, వాడుతున్నంతకాలం, ఆపాక ఇంకో నెల గర్భం రాకుండా చూసుకోవాలన్నది నియమం. అమెరికాలో 2006 నుంచి ఈ మందు కోసం ప్రత్యేక నమోదు పద్ధతే పెట్టారు, పరీక్షలో గర్భం లేదని తేలితే తప్ప ఆడవాళ్లకి మందు ఇవ్వరు, అది కూడా నెలకి సరిపడానే. మనకి అలాంటి నమోదేమీ లేదు. మన దగ్గర ఆ పని మొత్తం చెయ్యాల్సింది డాక్టరు చెప్పే రెండు ముక్కలే.

నా విషయంలో ఏం జరిగిందో చెబుతాను. "పెళ్లయిందామ్మా?" అని డాక్టరు గారు అడిగారు, అడిగింది మా అమ్మని. "ఇంకా లేదు సార్, సంబంధాలు చూస్తా ఉండాం" అంది అమ్మ. ఆయన తలూపి మాత్ర రాసి, పెదవులకి ఏం రాయాలో చెప్పి, తర్వాతి పేషెంటుని పిలిచారు. అమ్మ చెప్పిన ఆ ఒక్క మాటలో ఆయనకి కావాల్సిన సమాచారమంతా ఉంది. సంబంధాలు చూస్తున్నారు కాబట్టే ఆ తల్లి పిల్లని తీసుకొచ్చింది, ఆ పిల్లకి ఈ ఏడాదిలోనే పెళ్లి కావచ్చు, ఈ ఏడాదంతా ఆ పిల్ల ఈ మాత్ర మీదే ఉంటుంది. పెళ్లి కాలేదన్న జవాబుతో జాగ్రత్త అక్కర్లేదనుకున్నారు, నిజానికి ఆ జవాబు వచ్చినప్పుడే ఎక్కువ చెప్పాలి.

మన పెళ్లిళ్లు ఎలా కుదురుతాయో ఇక్కడి డాక్టర్లకి తెలియనిది కాదు. నెలల తరబడి ఏమీ ఉండదు, ఉన్నట్టుండి ఒక సంబంధం కలుస్తుంది, మూఢం వచ్చేలోపు చేసేద్దాం అంటారు పెద్దవాళ్లు, మూడు వారాల్లో పెళ్లయిపోతుంది. ఆ హడావుడిలో మొటిమల మాత్ర ఎవరికి గుర్తుంటుంది? పైగా మానేస్తే పెళ్లి ఫొటోల్లో మళ్లీ మొటిమలు కనబడతాయేమోనని టెన్షన్, కాబట్టి ఆపరు. నాకు తెలిసిన అమ్మాయి ఒకామె అత్తగారింట్లో స్ట్రిప్పు చీర మడతల్లో దాచుకుని వేసుకునేది, మొటిమల జబ్బు ఉందని తెలిస్తే ఏమంటారోనని. రెండో నెల నుంచే చుట్టాలు "ఏమ్మా, విశేషమా?" అని అడగడం మొదలుపెడతారు. ఆ మాత్ర వేసుకుంటూ గర్భం దాలిస్తే ప్రమాదమని ఆ పిల్లకి తెలియదు, తెలిసినా ఆ ఇంట్లో ఎవరికి చెప్పుకోగలదు? ఆమె విషయంలో ఏ అనర్థం జరగలేదు, అది కేవలం అదృష్టం.

సరిగ్గా చెప్పిన డాక్టరు కూడా నాకు దొరికారు. తర్వాత నెల్లూరు పొగతోటలో చూపించుకున్న ఆవిడ రక్త పరీక్షల్లోనే గర్భ పరీక్ష కూడా కలిపి రాశారు, అందరికీ రాసేదే అన్నట్టు మామూలుగా. ఆ తర్వాత మా అమ్మతో "మీరు కాసేపు బయట కూర్చోండమ్మా, పాపతో రెండు మాటలు మాట్లాడాలి" అన్నారు. అమ్మ వెళ్లాక నాతో "నీకు ఎవరైనా ఉన్నారా లేదా అని నేను అడగను. ఈ మాత్ర వేసుకుంటున్నన్నాళ్లూ, మానేశాక ఇంకో నెలా కడుపు రాకూడదు. పెళ్లి డేట్ ఫిక్సయితే ముందు నాకు ఫోన్ చెయ్యి, ఆ తర్వాత చీరలు కొనుక్కో" అన్నారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నన్ను అనుమానించినట్టు అనిపించలేదు, అమ్మ ముందు సిగ్గుపడాల్సిన పనీ పడలేదు. తల్లి ముందు ఈ మాట ఎలా అనాలి అని డాక్టర్లు సంకోచిస్తే నాకు అర్థమవుతుంది, ఊరు చిన్నది, తల్లి ఇంకోలా తీసుకుంటే గొడవవుతుంది. కానీ తల్లిని బయట కూర్చోబెట్టడం కష్టమైన పనేం కాదు.

మెడికల్ షాపులది ఇంకో కథ. పాత చీటీ చూపిస్తే, ఒక్కోసారి ఖాళీ స్ట్రిప్పు చూపించినా మాత్రలు ఇచ్చేస్తారు. అలా డాక్టరు కంట పడకుండానే నెలలు గడుస్తాయి. అక్క వాడితే తగ్గిందని చెల్లెలికి, చెల్లెలు స్నేహితురాలికి, ఇలా స్ట్రిప్పులు చేతులు మారతాయి. పాత చీటీలో మిగిలిన డాక్సీసైక్లిన్ కూడా కలిపి వేసుకునేవాళ్లున్నారు, ఆ రెండూ కలిస్తే మెదడు చుట్టూ ఒత్తిడి పెరిగి తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం రావచ్చు, కలపకూడదు. విటమిన్ ఎ మాత్రలు కూడా అంతే. పెళ్లికూతుళ్లకి బ్యూటీ పార్లర్ ప్యాకేజీ ఉంటుంది చూడండి, అందులో వ్యాక్సింగ్ తప్పక ఉంటుంది. ఈ మందు మీద ఉన్న చర్మానికి వ్యాక్స్ పెడితే తోలు ఊడొచ్చే ప్రమాదం ఉంది, మానేశాక ఆరు నెలల దాకా వద్దంటారు.

మగపిల్లల సంగతీ ఒక మాట. తండ్రి వాడటం వల్ల బిడ్డకి లోపాలు వస్తాయని ఆధారాలు లేవు, ఆ భయం అక్కర్లేదు. కానీ హీరోల పుట్టినరోజులకి మన కుర్రాళ్లు రక్తదాన శిబిరాలకి బారులు తీరతారు. ఈ మందు వాడుతున్నప్పుడూ, ఆపిన నెలలోపూ రక్తం ఇవ్వకూడదు, ఆ రక్తం ఒక గర్భిణికి ఎక్కించొచ్చు.

మనసు మీద దీని ప్రభావం గురించి వాదనలు చాలా ఉన్నాయి. డిప్రెషన్ రావచ్చన్న హెచ్చరిక మందు సమాచారంలోనే ఉంటుంది. పెద్ద సంఖ్యలో రోగుల్ని చూసిన అధ్యయనాల్లో మొత్తం మీద ఆత్మహత్యలు పెరిగినట్టు తేలలేదు, తీవ్రమైన మొటిమలే మనిషిని కుంగదీస్తాయన్నదీ నిజం. ఇంటర్ హాస్టల్లో ఉండే పిల్లవాడికి ఈ మందు ఇస్తే మాత్రం ఇంట్లోవాళ్లు ఆదివారం ఫోన్‌లో మార్కులే కాకుండా నిద్ర పడుతోందా, తింటున్నావా అని కూడా అడగాలి, తేడా అనిపిస్తే ఆ వారమే డాక్టరుకి చెప్పాలి.

మందు పెట్టెలో ఇంగ్లీషు కాగితం ఒకటి ఉంటుంది, సన్న అక్షరాలు, ఎవరూ చదవరు. తెలుగులో ఒకే ఒక్క పేజీ, పెద్ద అక్షరాలతో, గర్భం మాట మొదటి లైన్‌లో ఉండేలా ప్రతి స్కిన్ క్లినిక్కూ అచ్చు వేయించి చీటీతో పాటు ఇవ్వొచ్చు, దానికి ప్రభుత్వం ఉత్తర్వు కోసం ఆగక్కర్లేదు.

ఇప్పుడు ఈ మాత్ర మీద ఉండి ఇంట్లో తాంబూలాల మాట నడుస్తున్న అమ్మాయిలకి: డేట్ అనుకోగానే డాక్టరుకి చెప్పండి. ఆపమంటే ఆపండి, మిగిలిన కోర్సు తర్వాత చూసుకోవచ్చు. ఆపిన రోజు నుంచి నెల లెక్క పెట్టుకుని, ఆ లోపే పెళ్లయితే భర్తకి విషయం చెప్పి గర్భం రాకుండా జాగ్రత్త తీసుకోండి, అది ఆయన పని కూడా. నెల దాటాక భయం లేదు, మందు ఒంట్లోంచి పోతుంది, దీనివల్ల పిల్లలు పుట్టకుండా పోతారన్నదానికి ఆధారం లేదు. ఒకవేళ మాత్ర వేసుకుంటుండగా నెల తప్పితే అదే రోజు ఆపేసి గైనకాలజిస్టు దగ్గరికి స్ట్రిప్పు పట్టుకుని వెళ్లండి, అత్తగారికి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ వారం పోగొట్టుకోకండి.